సమానమనగా ఎంత సమానము?

కంప్యూటరుచే పని చేయింపవలెనన్న అక్షరములతో ఆజ్ఞలు వ్రాయక తప్పదని చాలమంది తలంతురు. పెట్టెలు గీచి, వానిని గీతలతో కలిపియు చేయింపవచ్చును. అమెరికాలో విలియం సదర్లాండు 1966లో ఎం.ఐ.టి.కి సమర్పించిన సిద్ధాంత వ్యాసమున ఈ మార్గమును చూపెను. నేడు కదలు బొమ్మలను కల్పించుటకు వాడు బ్లెండరు అను ఉచిత సాధనమున ఈ పద్ధతి విరివిగా నున్నది. తెరమీది ఒక్కొక్క పెట్టెకు 'నోడు' అని పేరు. ఎడమ ప్రక్కనుండి అంకెలు లోనికి వచ్చును. కుడి ప్రక్కనుండి ఫలితము వెలువడి, తీగవంటి గీతవెంట మరియొక పెట్టెకు చేరును.

వానిలో 'కంపేర్' అను పెట్టె సంఖ్యలను పోల్చును. రెండు సంఖ్యల నిచ్చి, మొదటిది చిన్నదా, పెద్దదా, రెండును సమానమా యని అడుగవచ్చును. దాని సమాధానము 'ఔను' లేక 'కాదు' మాత్రమే. కొండబొమ్మ మీద 10 మీటర్ల ఎత్తునకు దిగువనే చెట్లుండవలెననుకొందము. ప్రతి చోటి ఎత్తును ఈ పెట్టెకు అందించి, '10 కంటె తక్కువయా?' యని అడిగిన చాలును. ఔనన్నచోట చెట్టు నిలుచును. కాదన్నచోట నేల ఖాళీగా నుండును.

చిక్కంతయు 'సమానమా?' యని అడుగుటలో నున్నది. మూడవ వంతును మనము దశాంశములలో 0.333 అని ఎంత దూరము వ్రాసినను ముగియదు గదా! కంప్యూటరు సున్న, ఒకటి అను రెండంకెలతోనే లెక్కించును గనుక దానికి పదియవ వంతు కూడ అట్లే ముగియనిది. ఎక్కడనో ఒకచోట కత్తిరింపవలసినదే. అందుచే పదియవ వంతును పదిమార్లు వరుసగా కూడి, 'ఇది ఒకటితో సమానమా?' యని ఖండితముగా అడిగినచో 'కాదు' అను జవాబు వచ్చును.

ఇందులకే, దశాంశ సంఖ్యల సమానత్వమును అడుగునపుడు ఆ పెట్టెలో 'ఎప్సిలాన్' అను మూడవ గడి కానవచ్చును. అది మన్నింపదగిన తేడా. అందు 0.001 అని వ్రాసినచో, తేడా అంతకు మించనంతవరకు రెండును సమానమే యని పెట్టె ఒప్పుకొనును.

ఎంత తేడాను మన్నింపవలెను? కంసాలి తక్కెడలో గురివిందగింజ యెత్తు తేడా వచ్చిన ఎవరును ఊరకుండరు; కట్టెల అడితిలో దానిని ఎవరును తలపెట్టరు. తేడా అదియే, పని వేరు.

అల్ప శేషమును ఉపేక్షించిన ఎంత కీడు మూడునో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రానులో తెలిసినది. అచటి పేట్రియట్ క్షిపణి యంత్రము కాలమును సెకండులో పదియవ వంతులుగా లెక్కించుచుండెను. కత్తిరించిన శేషము సుమారు 100 గంటలలో 0.34 సెకండు వరకు పేరుకొనెను. అంతలో శత్రుక్షిపణి అర కిలోమీటరునకు పైగా సాగిపోవును. యంత్రము దానిని మరియొక చోట వెదకెను. 28 మంది అమెరికా సైనికులు మరణించిరి. అది పోల్చు పెట్టె దోషము కాదు. కాని శేషము ఎంత చిన్నదైనను, ఏ పనిలో నున్నదో చూడక దానిని విడువరాదని తెలుపుచున్నది.

కావున ఈ పెట్టెను వాడువారు ఒక నియమము పాటించుట మేలు. చెట్లు, స్తంభములు వంటి లెక్కపెట్టు వస్తువులను పూర్ణసంఖ్యలుగానే పోల్చవలెను. అచట మన్నింపు అక్కరలేదు. ఎత్తు, దూరము, కాలము వంటి కొలుచు వానికి మన్నింపు వ్రాసి పోల్చవలెను. ఆ మన్నింపు ఎంతయో యంత్రమునకు తెలియదు. పని తెలిసినవారే దానిని నిర్ణయింపవలెను.