కల్లెడ దీప్తి పరుగు



పొదుపు, అప్పుల లెక్కలు అందరం విన్నం. మేము జీవాంజి దీప్తి గురించి నాలుగు మాటలు చెప్తం. వాళ్లది వరంగల్ జిల్లా కల్లెడ. మన పెన్‌పహాడ్ లెక్కనే పల్లె. తల్లిదండ్రులు కూలి చేసుకొని బతికినోళ్లు. పిల్లకు పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. ఊళ్ల కొందరు పిచ్చిది, కోతి అన్నరు. అనాథాశ్రమంలో వెయ్యమని తల్లికి చెప్పినోళ్లూ ఉన్నరు. ఆ తల్లి వినలే. ఇల్లు గడవక ఉన్న అరెకరం అమ్ముకున్నరు. అరెకరం పోతే ఏం పోతదో మనకు ఒకరు చెప్పాల్నా!

పోటీల్లో ఆమె పరుగు చూసి కోచ్ నాగపురి రమేష్ హైదరాబాద్ పంపమన్నడు. అప్పుడు బస్సు చార్జీలకు కూడా ఇబ్బందే. 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం వచ్చింది. ఆ పైసలతోనే అమ్ముకున్న భూమి మళ్లీ కొన్నరు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో టర్కీ అమ్మాయి ఆ రికార్డు దాటింది, దీప్తికి కాంస్యం వచ్చింది. మాకైతే అది తక్కువ కాదు.

అసుమంటి పిల్లలు మన సభ్యుల ఇండ్లల్ల కూడా ఉన్నరు. పిల్లను ఇంట్ల ఉంచి తల్లి ఒక్కతే మీటింగుకు వస్తది, మనం వాయిదా కట్టినవా అని అడిగి పంపుతం. దివ్యాంగుల సర్టిఫికెట్ ఉన్నదా, బడికి పోతున్నదా అని కూడా అడగాలె. క్యాంపుకు పోతే ఆ తల్లికి ఒక రోజు కూలి పోతది, తోడు సంఘం నుంచి ఒకరు పోవాలె. వచ్చే నెల మీటింగుకు ప్రతి గ్రామ సంఘం ఆ పిల్లల పేర్లు రాసుకొని రావాలని కోరుతున్నం.