చెవికి పెట్టు పరీక్ష

బెజవాడలో పరీక్షలను గూర్చి ప్రసంగించుట కృష్ణ యొడ్డున నిలిచి నీళ్ళమ్ముట వంటిదే. ఇంటింటను ఒక ర్యాంకు కథ గలదు. అయినను నేడు మేము చెప్పదలచినది ర్యాంకుల ఊసే లేని యొక పరీక్షను గూర్చి.

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసుతో ఒడంబడిక చేసికొని సర్కారు బడులలో టోఫెల్ శిక్షణ ఆరంభించినది. చిన్న తరగతులకు ప్రైమరీ, ఆరవ తరగతి మొదలు జూనియర్. 1964 నుండి విదేశీ విశ్వవిద్యాలయముల గుమ్మమున నిలిచియున్న పరీక్ష పేరు దివిసీమ బడుల దాకా వచ్చినది. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు నిలిచిపోయినది. అందలి మంచిచెడ్డలు విచారించుట మా పని గాదు. కాని అప్పుడు ఉపాధ్యాయులకు ఎదురైన చిక్కు ఇప్పటికిని తీరలేదు. అది చెవికి సంబంధించినది. రేడియోవారము గనుక దానిని గూర్చి మాటలాడుటకు మాకు కొంత చనువు గలదు.

టోఫెల్ జూనియర్‌లో మూడు భాగములు: వినికిడి, భాషారూపము, పఠనము. ఒక్కొక్కదానికి 42 ప్రశ్నలు, వెరసి 126, రెండు గంటలకు అయిదు నిమిషములు తక్కువ. మన పిల్లలు పఠనమునకు జంకరు. వ్యాకరణము కంఠస్థము చేయుదురు. తడబాటంతయు వినికిడిలోనే.

కారణము సులభము. తెలుగులో వ్రాసినదే పలుకుదుము, పలికినదే విందుము. మాట చివర అచ్చు లేనిదే మనకు తోచదు. బస్ మన నోట బస్సు అయినది. ఆంగ్లమున ఒక ఖండమును ఒత్తి తక్కినవి మ్రింగివేయుదురు. నీళ్ళను ‘వాటర్’ అని నేర్చిన బాలునకు అమెరికావాని నోట ‘వాడర్’ అని వినబడును. పడమటి దిక్కునకును బనియనుకును ఆంగ్లమున వేర్వేరు వకారములు, మనకున్నది ఒక్కటే. ఆ బాలునకు మాట తెలియకపోలేదు, తెలిసిన మాటయే వచ్చినదని తెలియలేదు. అచ్చు పుటను మరల చదువవచ్చును. గాలిలో పోయిన మాటను పట్టలేము.

ఇందుకు ఖరీదైన గైడులు అక్కరలేదు. దినమునకు పది నిమిషములు ఆంగ్ల వార్తలు పుస్తకము మూసి వినిపించి, విన్నది తెలుగులో చెప్పుమనవలెను. ఆంగ్లములో చెప్పుమన్నచో పిల్లవాడు వాక్యము కూర్చుకొను బెంగలో విన్నదంతయు మరచును. తెలుగులో చెప్పినప్పుడు ఎంత పట్టెనో ఉపాధ్యాయునకు వెంటనే తెలియును. పిమ్మట అదే వార్త అచ్చులో చూపవలెను. కన్నునకు ముందు చెవి. ఈ వరుస తప్పరాదు.

మరొక మాట. జె.ఇ.ఇ. చదువు అన్నలను చూచి మన పిల్లలు తప్పు జవాబుకు మార్కు తెగునని భయపడి ప్రశ్నలు విడిచిపెట్టుదురు. ఇక్కడ అట్టి కోత లేదు. ఊహించియైనను గురుతు పెట్టవలెను.

ఫలితము 600 మొదలు 900 లోపల నొక అంకెగా వచ్చును. 35 మార్కుల గీటు ఇందు లేదు. కాని పత్రము చేతికి రాగానే తండ్రులు అడుగు మొదటి ప్రశ్న, ‘పాసా, ఫెయిలా?’