బొమ్మరిల్లు



బొమ్మరిల్లు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. తడి యిసుకలో పాదము నుంచి, దానిపై మట్టి నొత్తి, పాదమును మెల్లగా వెలుపలికి దీసి, పిచ్చుకగూడు కట్టని బిడ్డ పల్లెలో అరుదు. గుజ్జెనగూళ్లు వండుట, బొమ్మల పెండ్లి చేయుట, లక్కపిడతలతో కాపురము పెట్టుట, సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చుట తరతరములుగా వచ్చుచున్న వేడుకలు. అయినను వీనిని పసిపిల్లల ఆటలని త్రోసివేయువారే ఎక్కువ. చిన్న యింటిని కొలత తప్పకుండ కట్టుట పెద్దలకును పరీక్ష పెట్టు విద్య.

ఈ విద్యకు పాశ్చాత్య దేశములలో గొప్ప గౌరవము కలదు. 16వ శతాబ్దమున బవేరియా ప్రభువు అయిదవ ఆల్బర్టు తన వైభవమును లోకమునకు చూపుటకై ఒక బొమ్మరింటిని చేయించెను. ఇంగ్లండు రాణి మేరీ కొరకు 1924 నాటికి ముగిసిన బొమ్మరిల్లు మరింత ప్రసిద్ధము. దానిని రూపించినవాడు క్రొత్త ఢిల్లీ నగర నిర్మాణమునకు ప్రధాన శిల్పులలో ఒకడైన ఎడ్విన్ లుట్యెన్స్. అందులో విద్యుద్దీపములు వెలుగును, కుళాయిలలో నీరు పారును. గ్రంథాలయ రజతోత్సవ సమయమున స్మరింపదగిన విశేషము మరియొకటి యున్నది. ఆ యింటిలో ఒక గ్రంథాలయము కలదు. కోనన్ డాయిల్, కిప్లింగ్ మొదలైన రచయితలు దానికై వ్రాసి యిచ్చిన చిట్టి పుస్తకము లందున్నవి. రాణిగారి బొమ్మరింటికిని పుస్తకములు లేనిదే నిండుదనము రాలేదన్నమాట.

ఆ దేశములలో ఈ వేడుక గలవారు అంగడికి పోయి చిట్టి కుర్చీలను, కిటికీలను, పలకలను కొని తెచ్చుకొందురు. నంద్యాల బజారులో గాని, అచ్చటికి దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరములో నున్న ఆళ్లగడ్డలో గాని అట్టి సామగ్రి దొరకుట దుర్లభము. విదేశములనుండి తెప్పింతమన్నచో ఖర్చు హెచ్చు. ఆటవస్తువులపై దిగుమతి సుంకమును భారత ప్రభుత్వము 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెంచినది. చేతిపనివారికి ఇది కొంత రక్షణ. కాని వేడుక కొరకు ఒక చిట్టి దీపమును తెప్పించుకొనువారికి అది భారమే.

అయితే కొరతయే ఇచ్చట గురువైనది.

మొదట నేర్వవలసినది కొలత. అడుగునకు అంగుళము చొప్పున తగ్గించుట లోకమంతట వాడుకలోనున్న పద్ధతి. ఆరడుగుల తలుపు ఆరంగుళములగును. పదడుగుల గది పదంగుళములగును. అడుగెత్తు రోలు అంగుళమునకు దిగును. మూడంగుళముల మందము గల దూలము పావంగుళము పుల్ల యగును. ఈ సూత్రమును విడిచినచో నవ్వులపాలు తప్పదు. తిరునాళ్లలో ముచ్చటపడి కొన్న లక్కచెంబును అట్టి యింటిలో నుంచినప్పుడు చెంబు తలుపంత యెత్తున నిలుచును! సామాను ఎంత అందమైనదైనను ఇంటి కొలతకు కుదరనిచో పనికిరాదు. త్రైరాశికము లెక్కలలో బోధపడని బాలునకు ఇచ్చట ఒక పూటలో బోధపడును.

రెండవది సామగ్రి. నంద్యాల సీమ జొన్నకు, పత్తికి పేరుపడిన నేల. జొన్నదంటు ఎండినపిదప పై బెరడు నొలిచినచో లోపల తేలికయైన బెండు వచ్చును. దానిని బ్లేడుతో ఏ రూపమునకైనను కోయవచ్చును. ఒలిచిన బెరడు చీలికలే మేకులగును. ఈ బెండుతో బండ్లు, కాడెద్దులు చేసి ఆడుకొనని రైతుబిడ్డ పూర్వము లేడు. రెండంగుళముల అగ్గిపెట్టె బొమ్మరింట రెండడుగుల పెట్టె. మూడింటిని పేర్చి అతికినచో సొరుగుల బీరువా. దర్జీ పారవేసిన పేలికలు పరుపులు, తెరలు. మేదరివాని బద్ద చీలికలు చాటలు, తట్టలు.

మట్టి విషయమున ఒక జాగ్రత్త వహింపవలెను. నల్లరేగడి ఎండినపుడు బీటలు వారును. కనుక చెరువుమట్టిలో కొంత ఇసుకను, మెత్తని పొట్టును కలిపి పిసికి, నీడలో ఆరనీయవలెను. అతుకుటకు కొండపల్లివారి మార్గము శ్రేష్ఠము. వారు చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి మక్కు చేయుదురు. అవయవములను దానితోనే అతికి, గరుకుతనమును దానితోనే పూడ్చుదురు. రంగులకు పసుపు, జేగురు, మసి, సున్నము చాలును. పసుపులో సున్నము కలిసినప్పుడు ఎరుపు పుట్టుట ప్రతి గృహిణికిని తెలిసినదే. బెండు పురుగు పట్టు స్వభావము గలది; అప్పుడప్పుడు ఎండ చూపి, ఎండిన వేపాకును దగ్గర నుంచవలెను.

ఇట్లు సమకూర్చిన సామగ్రితో ఏ యిల్లు కట్టవలెను? విదేశపు పుస్తకములోని యింటిని చూచి కట్టుట తేలిక. కాని నంద్యాల సీమవాని చేతికి తగిన యిల్లు మట్టిమిద్దె. దూలములు, వానిపై దంతెలు, వానిపై బండలు, ఆపైన చౌడుమన్ను; నడుమ వెలుతురునకు గవాచి. బేతంచెర్ల బండల గనులనుండి వచ్చు పలుచని చిప్పలు నేలకును కప్పునకును సరిపోవును. లోపల ఉట్టి, కవ్వము, కుందెన, తిరుగలి; వెలుపల గాటిపాడు, జొన్నల పాతర. కప్పును పైకెత్తి చూచుటకు వీలుగా చేసినచో లోపలి సంసారమంతయు కన్నులకు కట్టును.

రోలు, తిరుగలి మాత్రము పిల్లల చేతికి లొంగునవి కావు. అందులకు ఆళ్లగడ్డ యున్నది. ఆ యూరి శిల్పులు చెక్కిన దేవతా విగ్రహములు అనేక రాష్ట్రముల ఆలయములకు పోవుచున్నవి. నిలువెత్తు విగ్రహమును చెక్కునప్పుడు రాలిన ముక్కలలో అంగుళము రోలునకు కావలసిన రాయి ఎంతయో యుండును. పెద్ద విగ్రహమున ఉలి ఒక గింజంత తప్పినను సరిదిద్దుకొనవచ్చును. అంగుళము రోటిలో అంత తప్పినచో రోలే పోవును.

కనుక ఒక బొమ్మరింటిని తరచి చూచినచో అది ఊరి వృత్తుల పట్టిక వంటిది. కుమ్మరి, మేదరి, వడ్రంగి, కంసాలి, దర్జీ, శిల్పి – అందరి పనిలోని మిగులు ఇందులో చేరినది. నిజమైన కొరత ఇచ్చటనే పొంచి యున్నది. అంగడిలో చిట్టి కుర్చీ లేకున్న చేసికొనవచ్చును. మేదరి బద్ద చీల్చుట మానినచో చాట యెట్లు వచ్చును? చాటను చూడని బిడ్డ దాని బొమ్మను యేల చేయును?

పేరుగాంచిన బొమ్మల ఊళ్లకును ఈ చిక్కు తప్పలేదు. కొండపల్లి, నిర్మల బొమ్మలకు పొణికి కర్ర ప్రాణము; ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర ఆధారము. అడవిలో ఆ చెట్లు తగ్గినకొలది పనివారికి కర్ర కరువైనది. చెట్టును నాటనిదే బొమ్మ నిలువదని ఆ ఊళ్లు అనుభవముచే గ్రహించినవి. ఏటికొప్పాకలో సహజ వర్ణములను పునరుద్ధరించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించుట ఈ చిన్న వస్తువులకు జరిగిన పెద్ద సత్కారము.

“ఇది కూడు పెట్టునా?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. పెట్టదు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. కాని మిద్దెలు కూలి వాని స్థానమున సిమెంటు కప్పులు లేచుచున్నవి. సిమెంటు ఇల్లు వానకు కారదు, వెన్ను విరుగునట్లు చౌడుమన్ను మోయవలసిన పని లేదు. దానిని కట్టుకొన్నవారిని తప్పుపట్టరాదు. అయితే ఇంటితోపాటు దంతె, గవాచి, కుందెన, పాతర అను మాటలును మన్నులో కలియుచున్నవి. నిఘంటువులో మాట యుండును; ఆ మాటకు రూపము మాత్రము చూచినవారితోనే పోవును. దంతె యెక్కడ నుండునో వ్రేలితో చూపగల అవ్వ ప్రతి యింటను ఎల్లకాలము ఉండదు.

గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. ఒక బల్లపై ఒక మట్టిమిద్దె బొమ్మరింటిని నిలుపవచ్చును. పెద్దలు కొలతలు చెప్పవలెను, పిల్లలు కట్టవలెను, ప్రతి వస్తువు ప్రక్కను దాని పేరు వ్రాసి యుంచవలెను. ఏ వస్తువు పేరు ఎవరికిని తోచదో ఆ చోటును ఖాళీగా నుంచి, తెలిసినవారు వచ్చినప్పుడు నింపవలెను. ఇందులకు కావలసిన ధనము స్వల్పము. కావలసిన ఓపిక మాత్రము హెచ్చు. రాణిగారి బొమ్మరింట గ్రంథాలయ మొకటి వెలసినది. పల్లె గ్రంథాలయమున బొమ్మరిల్లొకటి వెలసినచో పుస్తకము చెప్పలేని కొన్ని సంగతులను అది చెప్పును. అవ్వ చేతిలోని పని మనుమరాలి చేతికి చేరును.