గడ్డి యను పేరున మరుగైన కొండతుంగ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



మదనపల్లెకు పశుగ్రాసము తెచ్చు రైతు నడిగినను, పుంగనూరు చెరువుగట్టున మేకలు కాయు బాలు నడిగినను, కుప్పము అడవియంచున కట్టె లేరుకొను అవ్వ నడిగినను, కొండవాలున మొలచిన సన్నని పచ్చని మొక్కను చూపి ‘ఇది యేమి?’ అనినచో తరచుగా వచ్చు జవాబు ఒక్కటే: ‘గడ్డి.’ కొంచెము పరికించి చూచువారు ‘తుంగ’ అందురు. అంతటితో విచారణ ముగియును. కాని ఆ రెండు మాటల క్రింద వేలకొలది జాతులు మరుగుపడియున్నవి. అందు కొన్ని ఏదో యొక కొండశిఖరమును విడిచి వేరొకచోట బ్రతుకనేరనివి. పేరు లేని దానికి లెక్క లేదు. లెక్క లేని దానికి కావలి లేదు. ఈ ఉపన్యాసమునకు సారాంశ మిదియే.

మొట్టమొదట గడ్డికిని తుంగకును గల భేదము తెలియవలెను. గడ్డికాడ సామాన్యముగా గుండ్రన, లోపల డొల్ల. కణుపులు స్పష్టముగా నుండును. ఆకులు రెండు వరుసలుగా ఎదురెదురు దిక్కులకు సాగును. తుంగకాడ తరచుగా మూడు పలకలుగా నుండును. లోపల నిండుగా నుండును. పువ్వులకాడకు నడుమ కణుపులు కానరావు. ఆకులు మూడు వరుసలు. ఆకు అడుగుభాగము కాడను ఒరవలె చుట్టియుండును. గడ్డియందు ఆ ఒర ఒకప్రక్క తెరచియుండును. తుంగయందు గొట్టమువలె మూసికొనియుండును. కాడను రెండు వ్రేళ్ళనడుమ త్రిప్పి చూచినచో మూడు పలకలు చేతికే తెలియును. అయితే గుండ్రని కాడలుగల తుంగలును కలవు. కాబట్టి ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పరాదు. ఒక్క హద్దురాతిని చూచి పొలము వైశాల్యము చెప్పగలవా రెవ్వరు?

మన పూర్వులు ఈ విచారణను ఎరుగనివారు కారు. అమరసింహుడు వనౌషధివర్గమున ముస్తను గరికకును వెదురునకును దాపున నిలిపెను; దానికి మేఘముల పేర్లన్నియు చెల్లునని చెప్పి, భద్రముస్తను వేరుగా పేర్కొనెను. వైద్యులు ముస్తను జ్వరములందును అజీర్ణమందును వాడుచు వచ్చిరి. ఒక తుంగకు బదులు మరియొక తుంగను నూరిన ఔషధము ఔషధము కాదని వారికి తెలియును. కనుకనే పేర్ల విషయమున అంత పట్టుదల.

అదే ముస్త టమాటా మడిలోను వేరుసెనగ చేనిలోను రైతుకు పరమశత్రువు. లోకమందలి కలుపుమొక్కలలో మిక్కిలి చెడ్డవానిలో దానిని లెక్కింతురు. పైమొక్కను పెరికినను నేలలోని గడ్డలు గొలుసువలె ఒకదానినుండి ఒకటి మొలచును. దానిమీది కోపము తుంగకులమంతటిమీదను పడినది. ఒక్కని దోషమునకు ఊరినంతటిని తప్పుపట్టుట న్యాయము కాదు. ఈ కులమున 5,500కు మించిన జాతులు గలవని శాస్త్రజ్ఞుల లెక్క. చాపలల్లుటకు పనికివచ్చు కోర ఇందులోనిదే. పూర్వము ఈజిప్టువారు వ్రాతకు వాడిన పాపిరస్ కూడ ఇందులోనిదే. పుస్తకమునకు పూర్వరూపము తుంగకాడ యని గ్రంథాలయమువారు మరువరాదు.

ఈ కులమును గ్రంథస్థము చేసినవారిలో మొదట దక్షిణదేశమున తిరిగిన కోనిగ్ అను వైద్యుని చెప్పవలెను. ఆయన 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున గతించెను. ఆయన పంపిన మొక్కలను పరిశీలించి డెన్మార్కు పండితుడు రాట్‌బోల్ 1773లో గ్రంథము ప్రకటించెను. చాపల తుంగ కొకదానికి ఆ గ్రంథమున ‘సైపిరస్ పంగోరై’ అని పేరు పెట్టబడెను. కుప్పము ప్రాంతమువారికి పరిచితమైన ‘కోరై’ యను తమిళశబ్దము ఆ లాటిను నామమున నేటికిని నిలిచియున్నది. చాపలల్లువారి మాట శాస్త్రమున కెక్కినదన్నమాట. పిమ్మట 1834లో రాబర్ట్ వైట్ ప్రకటించిన గ్రంథమున జర్మను పండితుడు నీస్ తుంగల భాగమును వ్రాసెను. గాంబుల్ 1915లో ఆరంభించిన మద్రాసు రాజధాని వృక్షగ్రంథమును, ఆయన 1925లో మరణించిన తరువాత, ఫిషర్ 1936 నాటికి ముగించెను. చిత్తూరు జిల్లా పుష్పించు మొక్కలకు ప్రత్యేక గ్రంథము 2008లో తిరుపతిలో అచ్చయినది.

ఇక కొండతుంగల మాట. చల్లని కొండలను ఆశ్రయించు తుంగలలో ‘కేరెక్స్’ అను గణము పెద్దది. అందు సుమారు 2,000 జాతులు గలవు. వీని ఆడుపువ్వు ఒక చిన్న సంచిలో ఒదిగియుండును. కాయ ఆ సంచిలోనే పండును. నీస్ 1834లో పేరు పెట్టిన ‘కేరెక్స్ బకాన్స్’ హిమాలయములందును నీలగిరులందును పెరుగును. పండినపుడు దాని సంచులు ఎఱ్ఱబారి చిన్నపండ్ల గుత్తివలె కనబడును. లాటినులో ‘బక్కా’ యనగా అట్టి పండు. అయినను తక్కిన కేరెక్సుల జాతి నిర్ణయించుట ఇంత సులభము కాదు. సంచి యొక్క ముక్కు, నరములు, నూగు, లోని గింజ యొక్క పలకలు, కీలాగ్రములు రెండో మూడో, మగపువ్వులు కంకి కొననో మొదటనో, అన్నియు భూతద్దముతో చూడవలెను. పండిన కాయ లేని మొక్కను తెచ్చి పేరు చెప్పుమనిన మహాపండితుడైనను ఊరకుండవలసినదే.

ఇట్లు నిర్ణయించిన ప్రతి పేరునకును ఆధారముగా ఎండబెట్టిన యొక నమూనా భద్రపరచబడియుండును. సందేహము కలిగినపుడు దానితో పోల్చి చూతురు. అది మూలదస్తావేజు వంటిది. పేరు మారవచ్చును. హిమాలయములలో పశువులు మేయు కొబ్రీసియా యను తుంగలను 2015లో కేరెక్స్ గణమున చేర్చిరి. గుండ్రని పూతలగల కిల్లింగాను పెక్కుమంది సైపిరసులో కలిపిరి. పట్టాదారు పేరు మారినంతమాత్రమున పొలము కదలదు, మొక్కయు నంతే. దస్తావేజు నిలిచియుండవలెను.

కొండతుంగ అరుదగుటకు కారణము విచారింతము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తుననున్న ఊళ్ళు. మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండ, అనగా కడప కలెక్టరు హార్స్లీ పేర పిలువబడు కొండ, నాలుగువేల అడుగులు దాటినది. చల్లదనమును కోరు మొక్కకు ఇట్టి శిఖరము సముద్రములోని దీవి వంటిది. చుట్టునున్న వేడినేల దానికి దాటరాని నీరు. ఎండలు ముదిరినకొలదిని మొక్క పైకి జరుగవలెను. శిఖరము చేరినపిదప జరుగుటకు చోటు లేదు. కొండమీది ఒక్క ఊటకుంట పూడినను, ఒక్క బాట వెడల్పు చేసినను, ఒక్క వేసవి నిప్పు ప్రాకినను, ఆ చోట మాత్రమే నిలిచిన జాతి తుడిచిపెట్టుకొనిపోవచ్చును.

పుంగనూరు ఆవును చూడుడు. పొట్టి శరీరము, చిక్కని పాలు గల ఆ జాతి ఒకప్పుడు లుప్తమగు స్థితికి వచ్చెను. దానికి పేరున్నది, ఊరున్నది, లక్షణములు వ్రాతలో నున్నవి. కనుకనే అది తగ్గుచున్నదని లోకము గుర్తించెను. పలమనేరు పశుపరిశోధన కేంద్రమున దానిని పోషించి వృద్ధి చేయుచున్నారు. ఆ ఆవునకు ‘పశువు’ అను పేరు మాత్రమే యుండినచో ఎవరు వెదకియుందురు? కౌండిన్య అభయారణ్యమున ఏనుగు తగ్గినచో పత్రికలు వ్రాయును. ఏనుగు పాదము క్రింది తుంగ పోయినచో అది యుండినదని సాక్ష్యము చెప్పువారు కూడ ఉండరు.

దీనికి మార్గము లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థకును ఒక కమిటీ యుండి, తన యెల్లలోని మొక్కలను, జంతువులను, వానిని గూర్చి ప్రజలకు గల జ్ఞానమును రిజిస్టరులో నమోదు చేయవలెను. ఆ రిజిస్టరులో ‘గడ్డి’ అని ఒక్కమాట వ్రాసి ముగించుట లెక్క వ్రాయుట కాదు. గొఱ్ఱెలకాపరి యే పేరు చెప్పునో అది మొదట వ్రాయవలెను. చోటు, ఎత్తు, నీటివసతి, తేది, కాడ పలకలు, కాయ రంగు తరువాత వ్రాయవలెను. పండిన కంకితో ఛాయాచిత్రము తీయవలెను. అరుదైన మొక్కను పెరికివేయరాదు. అభయారణ్యమునందు అటవీశాఖవారి అనుమతి లేనిదే ఆకునైనను తుంపరాదు. శాస్త్రనామమును విశ్వవిద్యాలయములందలి వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయింతురు.

ఇరువదియైదేండ్లు పుస్తకములను పోగుచేసి, తెగిన అట్టలు కుట్టి, చెదలనుండి కాపాడిన గ్రంథాలయమునకు ఈ పని కొత్తది కాదు. అచ్చయిన పుస్తకము ఒకచోట చిరిగిపోయినను వేరొకచోట ప్రతి దొరకవచ్చును. కొండమీది తుంగకు రెండవ ప్రతి యుండకపోవచ్చును. కావున ఈ రజతోత్సవమునాడు బీరువాలో ఒక తెల్లకాగితముల పుస్తకము చేర్చి, దానికి ‘మన కొండల మొక్కలు’ అని పేరు పెట్టి, రాబోవు వానకాలమున మొదటి పుట నింపుదురు గాక.