పాత సత్తు రీలూ, కొత్త రీలూ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యేటా యీ సభలో మమ్మల్ని ఉర్దూ చదువు గురించి మాట్లాడమంటారు. యీసారి గాలం గురించి మాట్లాడతామంటే కార్యవర్గంవారు నవ్వి ఒప్పుకున్నారు. కారణం లేకపోలేదు. యెండాకాలం సెలవులొస్తే మన పెద్దాపురం పిల్లలు సామర్లకోట కాలువ గట్టునో, యేలేరు రేవులోనో కనిపిస్తారు. కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు కాకినాడ వెళ్లి మెరిసే కొత్త రీలు కొంటున్నారు. ఆ ఇంట్లోనే అటక మీద పడివున్న తాతగారి సత్తు రీలు మాత్రం తూకం లెక్కన పాత సామాన్ల బండిలోకి పోతున్నది. కొత్తది కొనవద్దని మేము అనడం లేదు. పాతదాన్ని బండికి వేయకండి అంటున్నాం, అంతే.

అటువంటివి మన వూళ్లో యెన్నో లేవు. రైల్వేలోనో కాలువల శాఖలోనో పనిచేసిన పెద్దలు దొరల దగ్గర సంపాదించినవి నాలుగైదు ఇళ్లలో చూశాం. ఆ దొరలకు చేపల షికారు పెద్ద సరదా. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ అనే అధికారి మన దేశంలో గాలం వేట మీద 1873లో మంగళూరులో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. అప్పట్లో రీళ్లు ఎక్కువగా ఇత్తడివి, బరువు. 1886లో విద్యుత్తుతో సత్తు తీసే పద్ధతి కనిపెట్టాక ఆ లోహం చవకైంది. ఇత్తడి బరువులో మూడోవంతే కదా! ఇంగ్లండులో హార్డీ సోదరులు 1891లో తెచ్చిన ‘పర్ఫెక్ట్’ రీలు కూడా మొదట ఇత్తడిదే, తరువాత సత్తుకు మారింది.

పాత రీలు పనితనం చూడండి. మధ్యన ఒక ఇరుసు, దాని మీద ఒక చక్రం. పిడి ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. నాలుగంగుళాల చక్రమైతే చుట్టుకు పన్నెండున్నర అంగుళాల దారం వస్తుంది. అంటే 30 మీటర్ల దారం లాగాలంటే వందకు దగ్గరగా చుట్లు తిప్పాలి. కొత్త రీలులో పళ్ల చక్రాలుంటాయి, ఒక్క చుట్టుకు అయిదు చుట్ల పని చేస్తుంది. ఇంకో సంగతి, 1905లో ఇల్లింగ్‌వర్త్ అనే ఆంగ్లేయుడు పేటెంటు తీసుకున్న పద్ధతిలో, గాలం విసిరినప్పుడు దారపుండ కదలదు, దారం మాత్రం అంచు మీంచి జారిపోతుంది. అందుకే నేర్చుకునేవాడి దారం కూడా చిక్కు పడదు. పాతదానిలో ఉండే తిరుగుతుంది, బొటనవేలితో ఆపడం రాకపోతే పిచ్చుకగూడే! కానీ వాలుగ పట్టి లాగినప్పుడు దాని బలం నేరుగా వేలికి తెలిసేది యీ పాతదానిలోనే. ఆ రుచి తెలిసినవారు దాన్ని వదలరు.

ఇక సంరక్షణ. ఇనుముకు పట్టేదాన్ని మనం ఉర్దూలో జంగ్ అంటాం, తెలుగులో తుప్పు. సత్తుకు ఎర్ర తుప్పు పట్టదు. దాని మీద కంటికి కనపడనంత పలచని పొర తనంతట తానే యేర్పడి కాపాడుతుంది. ఆ పొరను ఉప్పునీళ్లు చిల్లులు పొడుస్తాయి, అక్కడ తెల్లటి పిండి లేస్తుంది. సత్తుకు ఇత్తడి మరలు బిగించినచోట మరీ త్వరగా తింటుంది. రెండు లోహాలు, మధ్యన ఉప్పునీరు — మన పిల్లలు బడిలో చదివే ఘటం అదే! తినబడేది సత్తే. అందుకని సముద్రం దగ్గర వాడితే ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, మరలు విప్పి, ఆరబెట్టాలి. తల్లులకు ఒక మనవి: గిన్నెలతోపాటు దాన్ని బూడిదతో, చాకలి సోడాతో తోమకండి. అవి ఆ పొరనే కరిగిస్తాయి. చింతపండు ఇత్తడికి మంచిదే గాని సత్తుకు వద్దు. తడిగుడ్డ, కాస్త మెత్తని సబ్బు చాలు. ఇరుసుకు కుట్టుమిషను నూనె రెండు చుక్కలు. నూనె ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది.

మరో ప్రమాదం చాలామందికి తెలియదు. ఆ రీళ్లు పట్టుదారం, నూలుదారం కోసం చేసినవి. (పట్టు మగ్గాల మన వూరికి యీ మాట కొత్తగా వుండదు. ఆ దారాన్ని ప్రతిసారీ విప్పి ఆరబెట్టకపోతే చీకిపోయేది.) నైలాను 1938లో లోకానికి తెలిసింది, ఆ తరువాత వచ్చినదే మన తంగూసు. తంగూసు సాగుతుంది. పెద్ద చేపను లాగుతూ బిగువుగా చుట్టితే, సాగిన ప్రతి చుట్టూ మళ్లీ కుంచించుకోవాలని చూస్తుంది. అన్ని చుట్ల వొత్తిడీ కలిసి చక్రం పక్కరేకులను వంచేయగలదు, పగలగొట్టనూగలదు. అడుగున కాస్త నూలుదారం చుట్టండి. చేప పడిన రోజున తంగూసంతా విప్పి వదులుగా చుట్టండి.

కొత్త రీలుకు వేరే జాగ్రత్తలు. గొట్టంతో జోరుగా నీళ్లు కొడితే ఉప్పు లోపలికే పోతుంది, నీళ్లు పైపైన చల్లితే చాలు. పని అయ్యాక బిగువు మర వదులు చేయాలి, లేకపోతే లోపలి బిళ్లలు అణిగిపోతాయి. దాని చిక్కల్లా పుర్జా విరిగినప్పుడే. సైకిలు ఫ్రీవీలుతో 1921లో మొదలై, 1970లో గాలం సామానులోకి వచ్చిన జపాను షిమానో వంటి పెద్ద కంపెనీ సరుకైనా, ఆ మోడలు ఆగిపోతే పుర్జా దొరకడం కష్టం. పాతదాని ఇరుసు అరిగితే లేతు మిషను మీద కొత్తది తిప్పించుకోవచ్చు.

మా సలహా అడిగితే, కాలువలో బెండు కట్టి శీలావతికీ జెల్లకీ వేసే వేటకు పాత రీలు చాలు, హాయి కూడా. సముద్రతీరంలో దూరం విసరాలంటే కొత్తదే వాడండి. పాతదాన్ని ఉప్పునీటికి తీసుకెళ్లకపోవడమే దానికి మేలు.

తండ్రులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. కొత్త రీలుతోపాటు పిల్లలు నల్లటి కార్బన్ కర్ర కొంటున్నారు. అది కరెంటును లాగుతుంది, తడి వెదురు కూడా తక్కువ కాదు. కాలువ గట్టున పైన తీగెలున్నచోట కర్ర పైకెత్తనే కూడదు. చోటు చూసి కూర్చోబెట్టే బాధ్యత పెద్దలది. తెగిన తంగూసు ముక్కలు గట్టు మీద వదలవద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.

ఇంకా చెప్పేకంటే చూపడమే మేలు. ఒక పాత రీలూ, ఒక కొత్త రీలూ, స్క్రూడ్రైవరు, నూనె సీసా, పాత పంచె ముక్క తెచ్చాం. సభ కాగానే వరండాలో రెండూ విప్పుతాం. ఇళ్లల్లో వున్నవి తెచ్చినవారు ముందు కూర్చోండి.