రోహ్నా ఓడ: చావులోనూ రెండు లెక్కలు

(దేవనకొండలో యువకుల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం మొహం చూడని మెట్టసీమ మనది. ఈ ఊర్లో ఓడ ముచ్చటేంది సారూ అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. వినినాక చెప్పండి, అది మన ముచ్చట అవునో కాదో.

ఆ ఓడ పేరు రోహ్నా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. 1926లో ఇంగ్లండులో కట్టినారు. దాని జోడీ ఓడ రజులా. రెండూ మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి పెనాంగు, సింగపూరు పోయొచ్చేవి. మలయా రబ్బరు తోటలకు కూలీలను చేర్చిన దారి అది. కంగాణీ ఊర్లోకొచ్చి, అప్పు చేతిలో పెట్టి, మనుషుల్ని తోలుకుపోయేవాడు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి సెంటు భూమి లేని తెలుగోళ్లు అట్లా పోయినారు. దొరలకు పైన గదులు పదుల లెక్క. కూలీలకు డెక్కు మీద చాపలు, వేల లెక్క. ఒక్క రజులాకే అయిదు వేలమందికి పైగా డెక్కు ప్రయాణికుల్ని ఎక్కించుకునే లైసెన్సు ఉండేది. 1938లో ఇండియా ప్రభుత్వం మలయాకు కూలీల ఎగుమతి ఆపేసింది.

యుద్ధం వచ్చింది. 1940లో రోహ్నాను సైన్యం పనికి తీసుకున్నారు. తక్కువ జాగాలో ఎక్కువమందిని కుక్కడానికి కట్టిన ఓడ కదా, సిపాయిల్ని మోయడానికి అక్కరకొచ్చింది.

1943 నవంబరులో అల్జీరియాలోని ఒరాన్ రేవులో దాదాపు రెండు వేలమంది అమెరికా సైనికులు దాంట్లో ఎక్కినారు. వాళ్లు రావాల్సింది మన దేశానికే. నవంబరు 26 సాయంత్రం జర్మనీ విమానం ఒక బాంబు వదిలింది. మామూలు బాంబు కాదు, విమానంలో కూర్చొని రేడియోతో నడిపించే రెక్కల బాంబు. అది ఓడ పక్కను చీల్చుకొని లోపల పేలింది. గంటన్నర లోపలే ఓడ మునిగింది. రాత్రి చీకటి, పెద్ద అలలు. 1,015 మంది అమెరికా సైనికులు చనిపోయినారు. ఓడ సిబ్బంది 195 మందిలో వందకు పైగా పోయినారు. ఆ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయ కూలీలే. లస్కర్లు అనేవాళ్లు.

అమెరికా ప్రభుత్వం ఈ సంగతిని ఏండ్ల తరబడి దాచింది. బతికొచ్చినోళ్లను నోరెత్తొద్దన్నారు. కొడుకు ఎట్లా పోయినాడో తల్లులకు తెలీలేదు. ఆ కుటుంబాలు పట్టు వదల్లేదు. చివరికి 1996లో అలబామాలోని ఫోర్ట్ మిచెల్ శ్మశానంలో స్మారకం నిలిచింది. మంచిదే. ఎవరి బిడ్డయినా బిడ్డే.

మరి లస్కర్ల సంగతి? బతికినోళ్లు చెప్పిన కథల్లో వాళ్లు నిందలోనే కనిపిస్తారు. పడవలు సరిగా దించలేదు, ముందే పారిపోయినారు అని. అదే కథల్లో ఇంకో మాట కూడా ఉంది: పడవల సామాను తుప్పు పట్టి ఇరుక్కుపోయింది అని. తుప్పు ఎవరి పూచీ? ఓడ యజమానిదా, చాలీచాలని జీతానికి తాడు లాగే కూలీదా? తెల్ల నావికుడి జీతంలో లస్కరుకు నాలుగో వంతు దొరికితే గొప్ప. 1939లో జీతం పెంచమని ఈ లస్కర్లు పనులు ఆపితే, వందలమందిని జైల్లో వేసినారు. ఆ మాట ఎవరూ ఎత్తరు. ప్రమాదం జరిగితే మాత్రం తప్పు కింద ఉన్నోడి మెడకే చుట్టుకుంటుంది. ఇది మనకు కొత్తా?

ఆ యుద్ధంలో సముద్రంలో కలిసిన భారతీయ నావికులు ఆరు వేలమందికి పైగా. వాళ్ల పేర్లు రాసిన పుస్తకం బొంబాయిలో ఒకటుంది, చిట్టగాంగులో ఇంకొకటుంది. ఆ పుస్తకం తెరిచి చూసినోళ్లు ఎంతమంది? మన బడి పాఠాల్లో ఆ నావికుల మీద ఒక్క వాక్యం ఉందా?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వాన పడకుంటే మనోళ్లు పిల్లాజెల్లా, చట్టీముంతా లారీకెత్తుకొని గుంటూరు పక్క సుగ్గికి పోతారు. ఆ లారీ మన రోహ్నా. మేస్త్రీ మన కంగాణీ. దాంట్లో ఎంతమంది ఎక్కినారో మేస్త్రీకి లెక్క ఉంటుంది, వాళ్ల పేర్లేందో ఎక్కడా ఉండదు.

తమ్ముళ్లారా, మీరు చదువు నేర్చినోళ్లు. ఒక్కొక్కరు ఒక నోటుబుక్కు కొనండి. మన పేటలో సుగ్గికి పోయినోళ్ల పేరు, ఊరు, తేదీ, మేస్త్రీ ఎవడో రాయండి. తిరిగి రానోళ్ల పేర్లు మొదటి పేజీలో రాయండి. అమెరికా తల్లులు అడిగినారు కాబట్టే దాచిన నిజం బయటికొచ్చింది. మనం అడగాలంటే ముందు మన చేతిలో కాగితముండాల.

జై భీమ్!