నారుమడిలోని ఇరుకు



నేడు వ్యవసాయశాస్త్ర పట్టములను స్వీకరించుచున్న మీరు రేపటినుండి రైతులయెదుట నిలిచి మాటాడవలసినవారు గనుక, ఈ సభలో వరినారును గూర్చి ముచ్చటించుట అనుచితము కాదని తలంచెదను. విత్తనము ఎంత ఒత్తుగా చల్లిన అంత నిండుగా పండునను నమ్మకము మన పల్లెలలో నేటికిని చెరగలేదు. 1953లో జపానుదేశీయుడగు కిరా తత్సువో తన సహచరులతోగూడి ప్రకటించిన పరిశోధనవలన, ఒకానొక మితిని దాటిన పిమ్మట మొక్కల సంఖ్య పెంచినను చేనిలోని మొత్తము పైరు బరువు పెరుగదనియు, ఉన్నదానినే ఎక్కువ మొక్కలు పంచుకొనుననియు విశదమైనది. గింజ మాటకు వచ్చినచో, ఒత్తిడి మరింత ముదిరినప్పుడు దిగుబడి తగ్గుటయు కలదు.

అయితే ఈ పంపకము పైరు ఎదిగి నీడలు కమ్మిన తరువాతనే ఆరంభమగునని అనుకొనరాదు. ఆకులలోని పత్రహరితము ఎఱ్ఱని కాంతిని గ్రహించి, ఆ ఎఱుపునకు ఆవలి అంచున మన కంటికి దాదాపు కానరాని కాంతిని వెనుకకు మరల్చును. అట్లు మరలివచ్చిన కాంతిని ఫైటోక్రోమ్ అను వర్ణకముద్వారా పసిగట్టి, నీడ తనపై పడకమునుపే లేతమొక్క పొరుగుమొక్క ఉనికిని ఎరుగును. ఎరిగి, పిలకలను తగ్గించుకొని పొడవు సాగును. నారుమడి గట్టున కూర్చుండి, ఒత్తుగా మొలచినచోట ఒకటి, అంచున పలుచగా నిలిచినచోట ఒకటి పెరికి చూడుడు. మొదటిది పొడవై, సన్నబడి, మొదలు పాలిపోయి ఒంటికాడగా నుండును. రెండవది పొట్టిదైనను మొదలు బలిసి, ఐదవ ఆకు విచ్చుకొనువేళకే తొలి పిలకను చూపుచుండును.

సార్వా వరికి సాధారణముగా చదరపు మీటరునకు 33 కుదుళ్ళు చాలునని మీరు చదివితిరి. మడగాస్కరులో ఆంరీ ద లొలానియే అను క్రైస్తవగురువు 1983 ప్రాంతమున రూపొందించగా, 2003 నుండి మన రైతులకు పరిచితమైన శ్రీ పద్ధతియందు, 8–12 దినముల లేతనారును 25 సెంటీమీటర్ల ఎడముతో కుదురునకు ఒక్కటిగా నాటుదురు. ఎకరమునకు 2 కిలోల విత్తనమే సరిపోవును. అట్లని ఎడమే సర్వత్ర శ్రేయమని భావింపకుడు. కాలువ శివారు భూములకు నీరు ఆలస్యముగా చేరినప్పుడు నారు మడిలోనే ముదిరి, పిలకలు వేయవలసిన కాలము అక్కడనే గడచిపోవును. అట్టి ముదురునారును దగ్గరదగ్గరగా, కుదురునకు నాలుగైదు మొక్కలుగా నాటుటయే మేలు.

ఈ లెక్కలన్నియు తుదకు వంగి నాటు స్త్రీల వ్రేళ్ళయందున్నవి. ఎకరమునకింత అని గుత్తకు ఒప్పుకొన్న ముఠా, తాడుపట్టి వరుస తప్పక నాటినచో ప్రొద్దుపోవును, కూలి గిట్టదు. ఆ అదనపు శ్రమకు అదనపు కూలి ఈయవలెనని రైతునకు చెప్పజాలని శాస్త్రబోధ అసంపూర్ణమని నా దృఢవిశ్వాసము.

కావున రానున్న తొలకరిని కార్యాలయములయందు గడపక, నాట్లు సాగుచున్న మడులలో ఆ స్త్రీల సరసన నిలువుడనియు, నారు వయస్సెంతయో రైతునడిగి తెలిసికొనిన పిమ్మటనే ఎడమును గూర్చి సలహా చెప్పుడనియు మిమ్ము అర్థించుచున్నాను.